వెనక అద్దం పక్కన నల్లముక్క

అందరికీ నమస్కారం. బయట చెట్టుకింద వరసగా నిలబెట్టిన పద్మినీలనూ, ఆ ఎర్ర స్టాండర్డ్ హెరాల్డ్‌నూ చూస్తూ ఉండిపోయాను. లోపలికి రావడం పావుగంట ఆలస్యమైంది, క్షమించండి. ఇవాళ మాత్రం అక్కడ లేని కారు గురించి మాట్లాడతాను. పాత కార్లను ప్రాణంగా చూసుకునేవాళ్లకు ఒక కొత్త కారు మీద వచ్చిన కోపం గురించి.

2009 జూలై 9న లండన్‌లోని సాచి గ్యాలరీలో బ్రిటిష్ కార్ల కంపెనీ జాగ్వార్ తన పెద్ద సెడాన్ ఎక్స్‌జెని కొత్త రూపంలో చూపించింది. ఆ సాయంత్రం వేదిక మీద అమెరికన్ టీవీ వ్యాఖ్యాత జే లెనో ఉన్నాడు. ఆయన దగ్గరున్న పాత కార్ల గురించి మీకు చెప్పాల్సిన పనిలేదు. నేనప్పుడు కోవెంట్రీలో ఉండేవాణ్ణి. కార్ల బాడీకి రేకు ఎలా వంచాలి, ఎక్కడ అతకాలి అన్నదే నా ఉద్యోగం. ఆ నెలలో ఒక ఆదివారం పాత జాగ్వార్లు చేరే ఒక మైదానానికి వెళ్లాను. మామూలుగా అక్కడి మాటలన్నీ కార్బురేటర్ల గురించీ, తుప్పు గురించీ ఉంటాయి. ఆ రోజు మాత్రం బానెట్లు ఎత్తినవాళ్లే లేరు. ఫ్లాస్కుల్లో టీ చల్లారిపోతోంది, అందరూ కొత్త కారు గురించే మాట్లాడుతున్నారు.

వాళ్ల ఫిర్యాదులు మూడు. ముందు నాలుగు గుండ్రటి దీపాలు లేవు. వెనక దీపాలు నిలువుగా, డిక్కీ అంచు మీదికి పాకి ఉన్నాయి. మూడోది పెద్దది. వెనక తలుపు దాటాక, పైకప్పును మోసే వెనక పిల్లర్ మీద ఒక నల్లటి ముక్క. కారు ఏ రంగుదైనా సరే ఆ ముక్క నల్లగానే ఉంటుంది. దెబ్బ తగిలితే పట్టీ వేసినట్టుందని ఒక పెద్దాయన అన్నాడు. ఆయన దగ్గర 1980ల నాటి ఎక్స్‌జె ఉండేది. దానిమీద దుమ్ము పడితే జేబురుమాలు తీసి తుడిచేవాడు.

ఈ కోపం ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలియాలంటే జాగ్వార్‌ని స్థాపించిన విలియం లయన్స్ గురించి చెప్పాలి. 1922లో బ్లాక్‌పూల్‌లో ఇంకొకరితో కలిసి మోటార్‌సైకిళ్లకు పక్కబళ్లు, అంటే సైడ్‌కార్లు తయారుచేస్తూ మొదలుపెట్టాడు. తర్వాత ఆస్టిన్ సెవెన్ లాంటి చిన్న కార్లకు అందమైన బాడీలు కట్టాడు. మనం చౌమహల్లా ప్యాలెస్‌లో చూసే నిజాం గారి పసుపు రోల్స్ రాయిస్ కాలంలో ఇంజన్, ఛాసిస్ ఒకరు చేస్తే, బాడీ ఇంకొకరు కట్టేవాళ్లు. లయన్స్ వచ్చింది ఆ బాడీ కట్టేవాళ్ల వైపు నుంచి. ఆయన ఇంజనీరు కాదు. కాగితం మీద బొమ్మలు గీసి చూపించే మనిషీ కాదు. పనివాళ్ల పక్కన నిలబడి రేకుతో అసలు కారంత నమూనా చేయించేవాడు. ఆ నమూనాని వాపెన్‌బరీలోని తన ఇంటికి తెప్పించుకుని పగటి వెలుగులో చుట్టూ తిరిగి చూసేవాడు. ఇక్కడ కొంచెం దించండి, అక్కడ కొంచెం లాగండి అని చెప్పి మళ్లీ చూసేవాడు. టింకరింగ్ షెడ్డులో గంటలకొద్దీ నిలబడ్డవాళ్లకు ఆ ఓపిక విలువ తెలుస్తుంది. ఒక అర అంగుళం కోసం మనిషి నిద్ర మానుకుంటాడు.

అలా వచ్చినదే 1968 ఎక్స్‌జె6. ఎత్తు నాలుగున్నర అడుగులు కూడా లేదు. లావు టైర్లు, బానెట్ మీద దీపాల వెనకనుంచి సాగిన ఉబ్బులు, సన్నటి పిల్లర్లు, వెనక చక్రం మీద తుంటిలా కొద్దిగా లేచి మళ్లీ డిక్కీవైపు జారిపోయే గీత. నిలబడి ఉన్నప్పుడు కూడా దూకబోయే ముందు ఒళ్లు దగ్గరికి తీసుకున్న జంతువులా ఉంటుంది. లయన్స్ 1972లో రిటైరయ్యాడు. ఆయన చేతుల మీదుగా వచ్చిన చివరి సెడాన్ అదే. అందుకే అభిమానులకు ఆ కారు మీద అంత మమకారం.

ఇక్కడ ఒక విషయం గుర్తుపెట్టుకోండి. 1968లో ఆ కారు పాతదానిలా లేదు. దానికి ముందున్న మార్క్ 2, మార్క్ టెన్ కార్ల పక్కన పెట్టి చూస్తే అది పూర్తిగా కొత్త కారు. లయన్స్ తను చేసినదాన్నే మళ్లీ చేసే మనిషి కాదు.

మరి అభిమానులు పాత రూపాన్ని అంతగా పట్టుకుని ఉండటానికి కారణమేమిటి? దానికీ ఒక చరిత్ర ఉంది. 1986లో ఎక్స్‌జె40 వచ్చింది. ఖరీదైన రకాలకు గుండ్రటి దీపాలు తీసేసి చదరపు దీపాలు పెట్టారు. అభిమానులు మండిపడ్డారు. ఆ తర్వాత కంపెనీ ఫోర్డ్ చేతికి వెళ్లింది. 1994లో వచ్చిన ఎక్స్‌జెలో నాలుగు గుండ్రటి దీపాలూ, బానెట్ ఉబ్బులూ తిరిగొచ్చాయి. అందరూ సంతోషించారు. నేనూ సంతోషించినవాణ్ణే, అప్పట్లో కాలేజీ గోడమీద ఆ కారు బొమ్మ అతికించుకున్నాను. కానీ ఆ సంతోషంలో కంపెనీ ఒక పాఠం నేర్చుకుంది. పాతదాన్ని పోలి ఉంటే చాలు, మన అభిమానులు మనతోనే ఉంటారని అనుకుంది. 1998లో ఎస్-టైప్ చూపించారు, 1960ల జ్ఞాపకాలతో. ఆ తర్వాత 2003 మోడల్ ఎక్స్‌జె.

నా వృత్తిరీత్యా ఆ 2003 కారు దగ్గర కాసేపు ఆగాలి. ఆ కారు బాడీ మొత్తం అల్యూమినియం. వెల్డింగ్‌కి బదులు రివెట్లు కొట్టి, విమానాలకు వాడే తరహా జిగురుతో అతికించారు. అంత పెద్ద సంఖ్యలో తయారయ్యే కారుకి అలా చేయడం ఆ రోజుల్లో చాలా సాహసం. బరువు తగ్గింది, బిగువు పెరిగింది. నా దృష్టిలో రేకు పనిలో ఆ కాలానికి అదొక శిఖరం. అయితే లోపల అంత కొత్తదనం పెట్టి, పైన 1968 గీతలు గీశారు. కొత్త కారు పాతదానికన్నా పొడుగు, ఎత్తు. వెనక కూర్చునేవాళ్ల తలకి చోటు కావాలి కదా. నాలుగున్నర అడుగుల కారుకి నప్పిన గీతల్ని దాదాపు నాలుగు ముప్పావు అడుగుల కారు మీద గీస్తే ఏమవుతుంది? గీతలు అవే, పొందిక పోయింది. పొట్టి మనిషికి కుట్టిన కోటుని అదే కత్తిరింపుతో పొడుగు మనిషికి కుట్టినట్టు. లయన్స్ పట్టుబట్టిన అర అంగుళాలన్నీ అక్కడ కరిగిపోయాయి. పాత కార్ల ప్రేమికులు ఆ కారుని మెచ్చుకున్నారు. కానీ కొత్త కారు కొనేవాళ్లు అది కొత్తదని గుర్తుపట్టలేకపోయారు. కంపెనీ అనుకున్నంతగా అమ్ముడుపోలేదు.

ఆ పరిస్థితిలో కలం పట్టినవాడు ఇయాన్ క్యాలమ్. స్కాట్లాండ్ మనిషి. పధ్నాలుగేళ్ల వయసులో తను గీసిన కారు బొమ్మల్ని జాగ్వార్‌కి పంపించిన కుర్రాడు. 1999లో అదే కంపెనీకి డిజైన్ పెద్ద అయ్యాడు. అంతకన్నా పెద్ద అభిమాని ఎవరుంటారు చెప్పండి? ఆ మైదానంలో కొంతమంది, ఇతనికి జాగ్వార్ అంటే ఏమిటో తెలియదు అంటుంటే నాకు బాధేసింది. తెలుసు కాబట్టే అతను ఆ పని చేశాడని నేను నమ్ముతాను. పాత గీతల్ని పక్కనపెట్టి లయన్స్ చూపుని పట్టుకున్నాడు. పొడుగు, ఎత్తు ఎలాగూ తగ్గించలేం కాబట్టి కప్పునే ఒక విల్లులా ముందునుంచి వెనకదాకా లాగాడు. పక్క అద్దాలు సన్నగా, పొడుగ్గా సాగాయి. ఆ కారు ఎత్తు 2003 కారుకి దాదాపు సమానం, అయినా కంటికి పొట్టిగా కనిపిస్తుంది. 1968 కారు చేసిన పని అదే కదా. గ్రిల్‌ని వెడల్పుగా, నిటారుగా పెట్టడంలో కూడా మొదటి ఎక్స్‌జె6 పోలిక ఉంది. బానెట్ మీద కంపెనీ గుర్తు, ఆ దూకే జంతువు బొమ్మ లేదన్న ఫిర్యాదు కూడా విన్నాను. అది డిక్కీ మీదికి వెళ్లింది. వెనక దీపాల్లోని మూడు ఎర్రగీతలు పులిజాతి గోళ్ల చారల్లా ఉంటాయి.

ఆ మైదానంలోనే ఇంకో మాట కూడా విన్నాను. అంతకు ఏడాది ముందే, 2008 జూన్‌లో, టాటా మోటార్స్ 230 కోట్ల డాలర్లకి జాగ్వార్‌నూ ల్యాండ్ రోవర్‌నూ కొన్నది. ఇండియా వాళ్లు కొన్నాక ఇలా అయిందని ఒకాయన అన్నాడు, నన్ను చూసి కాస్త తగ్గాడు. నేను కోపం తెచ్చుకోలేదు. ఒక కారు ఆకారం ఖాయమయ్యాక రేకుని అచ్చొత్తే డైలు కోయాలి, ప్రెస్సులు సిద్ధం చేయాలి, పరీక్షలు చేయాలి, దానికి ఏళ్లు పడుతుంది. ఈ ఆకారం చాలావరకు ఫోర్డ్ హయాంలోనే తేలిపోయింది. టాటా వాళ్లు దాన్ని ఆపకుండా ముందుకి నడిపించారు. అది చెప్పాను, ఆయన విన్నాడు.

ఇప్పుడు ఆ నల్లముక్క. ఎందుకు పెట్టారంటే, కప్పు అంత వెనక్కి జారాక, దాన్ని మోసే వెనక పిల్లర్ లావుగా ఉండక తప్పదు. లావు పిల్లర్ కారు రంగులోనే ఉంటే వెనక భాగం బరువుగా కుంగినట్టు కనిపిస్తుంది. దాన్ని నల్లగా చేస్తే వెనక అద్దం పక్కలకి తిరిగి పక్క అద్దాలతో కలిసిపోయినట్టు కనిపించి, కప్పు తేలిపోతుంది. ఆలోచన చక్కనిది. నల్లకారు మీదా, ముదురు నీలం మీదా బాగా పనిచేస్తుంది కూడా. తెలుపు, వెండి రంగు కార్ల మీద మాత్రం అద్దం అద్దంలా, ముక్క ముక్కలా విడివిడిగా కనిపిస్తాయి. కొందరు యజమానులు దాన్ని కారు రంగే వేయించుకున్నారు. ఈ విషయంలో పాత అభిమానుల కన్ను సరైనదేనని నేను అప్పుడూ అన్నాను, ఇప్పుడూ అంటాను.

ఇంకో ముచ్చట చెప్తాను. 1975లో ఎక్స్‌జెలో రెండు తలుపుల కూపే అమ్మకానికి వచ్చింది. తలుపుల మధ్య పిల్లర్ లేని, చాలా అందమైన కారు. దాని కప్పుకీ, వెనక పిల్లర్లకీ ఏమి తొడిగి పంపించారో గుర్తుందా? నల్లటి వినైల్, తోలులాంటి ప్లాస్టిక్ గుడ్డ. ఆ రోజుల ఫ్యాషన్ అది. ఇవాళ ఆ కూపేని బాగుచేయించుకునేవాళ్లలో చాలామంది మొదట చేసే పని ఆ వినైల్ పీకించి, కింది రేకుకి కారు రంగు వేయించడం. అలా వేయించిన కారు చూస్తే ఊపిరి ఆగిపోతుంది. వినైల్ ఉంచాలా తీయాలా అని ఆ మైదానంలో ఏళ్ల తరబడి వాదించుకున్నవాళ్లే, 2009లో అదే పిల్లర్ మీద నల్లముక్కని చూశారు. వాళ్ల కంటికి అది వెంటనే తగలడంలో ఆశ్చర్యం లేదు. ముప్పయ్యేళ్ల పైన ఆ పిల్లర్ వంకే చూస్తున్నారు.

కొత్తదంటే గిట్టనివాళ్లు అని వాళ్లని కొట్టిపారేసినవాళ్లతో నేను ఒప్పుకోను. మనకి అలాంటి కోపం తెచ్చుకునే భాగ్యం కూడా దక్కలేదు. అంబాసిడర్‌ని చూడండి. ఇంగ్లండ్‌లోని మారిస్ ఆక్స్‌ఫర్డ్ అచ్చులతో 1950ల చివర మొదలై 2014 దాకా దాదాపు అదే ఒంటితో వచ్చింది. గ్రిల్ మారింది, ఇంజన్ మారింది, ఆకారం నిలిచిపోయింది. మా నాన్నగారి తరం కార్ల ఆకారం గురించి వాదించుకోలేదు, ఎందుకంటే వాదించడానికి రెండోది లేదు. ఆ మైదానంలో పెద్దవాళ్లు ఒక పిల్లర్ కోసం గొంతు పెంచుతుంటే నాకు అసూయ కలిగింది.

ఆ 2009 ఎక్స్‌జెలో బ్రిటన్ ప్రధానులు తిరిగారు. జర్మన్ పోటీదార్లంత అమ్ముడుపోలేదు. 2019లో కాజిల్ బ్రామ్‌విచ్ ఫ్యాక్టరీలో తయారీ ఆగింది. దాని తర్వాత రావాల్సిన, కరెంటుతో నడిచే ఎక్స్‌జెని 2021లో రద్దు చేశారు. 2024 డిసెంబరులో మయామీలో టైప్ 00 అనే నమూనా చూపించారు, దానికి వెనక అద్దమే లేదు. దాని మీద వచ్చిన కోపం ముందు 2009 నాటిది చాలా చిన్నది. దాన్ని ఫోన్‌లో ఫొటో చూసి తిట్టినవాళ్ల మాటకి నేను పెద్ద విలువ ఇవ్వను. లయన్స్ ఫొటోలు చూసి తేల్చేవాడు కాదు, పగటి వెలుగులో చుట్టూ తిరిగేవాడు.

ఇక్కడికి తిరిగొచ్చేశాక, మూడేళ్ల కింద మళ్లీ కోవెంట్రీ వెళ్లినప్పుడు ఆ మైదానానికి పోయాను. జేబురుమాలు పెద్దాయన ఉన్నాడు, చేతికర్ర వచ్చింది. పాత ఎక్స్‌జె కొడుక్కిచ్చేశాడట. పక్కన ఆయన కారు నిలబెట్టి ఉంది, సెకండ్ హ్యాండ్‌లో కొన్నది. క్యాలమ్ గీసిన ఎక్స్‌జె. రంగు నలుపు. నేను ఆ వెనక పిల్లర్ వైపు చూస్తుంటే ఆయన కర్రని బంపర్‌కి ఆనించాడు. జేబురుమాలు తీసి ముందు అద్దం పైనుంచి మొదలుపెట్టి, కప్పు మీదుగా, వెనక అద్దం అంచుదాకా ఎక్కడా ఆపకుండా ఒక్క గీతలా తుడిచాడు.