చెయ్యి చాచిన రోజు

శ్రోతలకు నమస్కారం.

మా సిక్కోలు వైపు పెళ్లి చదివింపులకు ఒక నోటుబుక్కు పెడతారు. ఎవరెంత చదివించారో అందులో రాసుకుంటారు. రేపు వాళ్లింట్లో శుభకార్యమైతే ఆ పేజీ తిప్పి చూసి తిరిగి చదివిస్తారు. పెట్టడం, పుచ్చుకోవడం రెండూ ఒకే పుస్తకంలో ఉంటాయన్నమాట. కాలేజీలో దానం గురించి పాఠం చెప్పాల్సి వచ్చినప్పుడు మాత్రం నేను పెట్టేవాళ్ల సంగతే చెప్పుకుంటూ పోయాను.

అమెరికాలో కొన్ని కాలేజీల్లో దాతృత్వానికే ఒక క్లాసు ఉంటుంది. ఎవరో దాత ఇచ్చిన అసలు డబ్బే పిల్లల చేతికిస్తారు. వాళ్లు ఊళ్లోని సంస్థలన్నీ చూసొచ్చి, వాదించుకుని, ఎవరికివ్వాలో తేలుస్తారు. మాకు దాత దొరకలేదు. మా డిగ్రీ పిల్లలు ఎలాగూ 180 గంటల కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు చెయ్యాలి. దానికి ముందుగా నలభై మంది తలో వంద వేసుకున్నారు. వృద్ధాశ్రమానికా, అన్నదానానికా అని రెండు వారాలు వాదించుకున్నారు. నాలుగు వేలకి ఇంత గొడవా అని నాకే విసుగొచ్చింది.

ఒకరోజు వజ్రపుకొత్తూరు వైపు అమ్మాయి లేచింది. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున పలాస దగ్గర తీరం దాటిన తిత్లీ తుపాను సంగతి ఎత్తింది.

"మా కొబ్బరి చెట్లన్నీ పడిపోయాయి సార్. తర్వాత ఒక లారీ వచ్చింది. పైనుంచి అన్నం పొట్లాలు విసిరారు. నాన్న చెయ్యి చాచలేదు. మామ్మ బురదలోంచి ఒకటి ఏరి తెచ్చింది. తిన్నాం. విసిరినాయన మంచోడే అయ్యుంటాడు. కానీ నాన్న ఇప్పటికీ ఆ మాట ఎత్తనివ్వడు."

వెనక బెంచీలో ఉద్దానం అబ్బాయి కూర్చునే మొదలెట్టాడు. "నాన్నకి డయాలసిస్ ఉచితమే సార్. వారానికి మూడుసార్లు తోడెళ్తే అమ్మకి కూలి పోతుంది. అదెవరూ లెక్కెయ్యరు."

అమెరికాలోని హార్వర్డ్ యూనివర్సిటీలో మార్షల్ గాంజ్ అనే అధ్యాపకుడు ఇలా సొంత కథ చెప్పి నలుగురినీ కదిలించే పద్ధతిని నా కథ, మన కథ, ఇప్పటి కథ అని మూడు మెట్లుగా నేర్పుతారు. మా పిల్లలకి ఆ పేర్లేమీ తెలియవు. ఆ మధ్యాహ్నం నుంచి మాత్రం ఒకరినొకరు ఊరి పేరుతో కాక ఇంటి మనుషులను అడిగి పలకరించుకోవడం మొదలైంది. "మీ నాన్నకెలా ఉందిరా?" అన్నాకే క్లాసు.

ఉత్సాహం కొద్దీ నేనొక తప్పు చేశాను. అందరూ తలా ఒక కథ చెప్పాలన్నాను. ఒకబ్బాయి మర్నాటి నుంచి మూడు రోజులు రాలేదు. చెప్పుకోలేని కథ ఉన్నవాడికి అదెంత టెన్షనో అప్పుడు తెలిసింది. కథ చెప్పడాన్ని మార్కులతో ముడిపెట్టినా అంతే, ఎవరికెక్కువ కన్నీళ్లొస్తాయో అన్న పోటీ అయిపోతుంది. చెప్పకపోయినా పర్వాలేదని ఆ అబ్బాయితో అన్నాను. డబ్బు లెక్క రాసే పని తనే అడిగి తీసుకున్నాడు.

చివరికి డయాలసిస్‌కి వెళ్లే కొన్ని కుటుంబాలకు ఇద్దామనుకున్నారు. బియ్యం, పప్పు, నూనె అని జాబితా రాశారు. తుపాను అమ్మాయి ఒప్పుకోలేదు, ముందు వాళ్లనే అడుగుదామంది. వెళ్లి అడిగితే ఒకామె, బస్సు కోసం ఎండలో నిలబడలేకపోతున్నాను, ఒక గొడుగు చాలమ్మా అంది.

మా జాబితాలో గొడుగు లేదు.