ఛార్జింగ్ ఎక్కుతోంది, మ్యాప్ మాత్రం రావట్లేదు

వ్యాఖ్యాత: నమస్కారం. పోయిన వారం కొబ్బరి తోటల్లో తెల్లదోమ గురించి మాట్లాడుకున్నాం. ఈ వారం కారులో ఫోన్ కలవని బాధ. శ్రీకాకుళంలో చాలా ఏళ్ళుగా కార్ల ఎలక్ట్రికల్ పని చేస్తున్న మాస్టారు మనతో ఉన్నారు. మొదటి కాల్ పలాస నుంచి. హలో, చెప్పండి.

శ్రోత: హలో... హలో... వినబడుతోందాండీ?

వ్యాఖ్యాత: మీతో పాటు మీ రేడియో కూడా వినబడుతోంది. కొంచెం తగ్గించండి.

శ్రోత: ఒరేయ్, ఆ రేడియో కట్టెయ్‌రా! ఆఁ, ఇప్పుడు చెప్పండి.

వ్యాఖ్యాత: చెప్పాల్సింది మీరండీ.

శ్రోత: మాది జీడిపప్పు వ్యాపారం. కారు కొని రెండేళ్ళయింది. ఫోన్‌కి వైరు పెడితే ఆండ్రాయిడ్ ఆటో, అదే ఫోన్‌లో మ్యాపూ పాటలూ కారు స్క్రీన్ మీద చూపించేది, టకామని వచ్చేసేది. నెల రోజులుగా ఏటో అయింది. ఓసారి వస్తుంది, ఓసారి రాదు. వచ్చినా గోతిలో పడితే పోతుంది. ఒకచోట చూపిస్తే స్టీరియో మార్చాలన్నారు.

మాస్టారు: ఆగండాగండి, స్టీరియో దాకా వెళ్ళకండి. ఛార్జింగ్ ఎక్కుతోందా?

శ్రోత: ఎక్కుతోందండి. అంటే వైరు బాగున్నట్టే కదా?

మాస్టారు: అందరూ అక్కడే పొరబడతారు. మామూలు యూఎస్‌బీ వైరు కోసి చూస్తే లోపల నాలుగు సన్న తీగలుంటాయి. రెండు కరెంటుకి, రెండు డేటాకి. ఛార్జింగ్‌కి మొదటి రెండూ చాలు. మ్యాపు కారు స్క్రీన్ మీదకి రావాలంటే మిగతా రెండూ పనిచెయ్యాలి. బస్టాండ్ల దగ్గర అమ్మే చవక వైర్లలో కొన్నింటికి డేటా తీగలే ఉండవు.

శ్రోత: నాదీ అలాంటిదే అంటారా?

మాస్టారు: కాదు. అలాంటిదైతే మీకు ఒక్కసారి కూడా వచ్చేది కాదు. అప్పుడప్పుడూ వస్తోంది, గోతిలో పడితే పోతోంది అంటే ఎక్కడో లూజు. పిన్ను ఫోన్‌లోకి పూర్తిగా దిగుతోందా?

శ్రోత: కొద్దిగా సందు ఉంటుందండి. ఇదివరకు టక్కున కూర్చునేది.

మాస్టారు: ఫోన్ ఎక్కడ పెట్టుకుంటారు?

శ్రోత: లాల్చీ జేబులో. రోజంతా బట్టీ దగ్గరే కదా.

మాస్టారు: ఇంకేం కావాలి! జేబులో నూలు పోగులు, జీడి పొట్టు అన్నీ ఆ కన్నంలోకి దూరతాయి. మీరు వైరు గుచ్చిన ప్రతిసారీ ఆ చెత్త లోపలికి దట్టించుకుపోతుంది. ఫోన్ ఆఫ్ చేసి, చెక్క టూత్‌పిక్‌తో మెల్లగా లాగండి. పిన్నీసు పెట్టొద్దు, లోపల పిన్నులు పోతే నాకు చెప్పొద్దు. దాంతో కాకపోతే ఇంకో వైరు, మీటరు కన్నా పొట్టిది. అదీ కాకపోతే కారులో రెండో పోర్టు చూడండి. కొన్ని కార్లలో ఒక పోర్టుకే డేటా ఉంటుంది, రెండోది ఉత్త ఛార్జింగ్‌కే. అన్నీ ఒకేసారి మార్చకండి, దేనివల్ల బాగయిందో తెలీదు.

శ్రోత: అయినా రాకపోతే?

మాస్టారు: ఇంట్లో ఇంకొకరి ఫోన్ అదే వైరుకి పెట్టండి. దానికి వస్తే తప్పు మీ ఫోన్‌ది. రాకపోతే వైరుదో కారుదో.

శ్రోత: ఇప్పుడు మాట్లాడుతున్నది మా అల్లుడి ఫోనేనండి. నాది కారులో ఉంది.

వ్యాఖ్యాత: అయితే చూసి, మళ్ళీ చెయ్యండి. తర్వాత బొబ్బిలి నుంచి ఒక టీచరుగారు. చెప్పండమ్మా.

శ్రోత: నమస్తే మాస్టారూ. నేను రోజూ కారులో స్కూలుకి వెళ్తాను. వాకిట్లో కారు స్టార్ట్ చెయ్యగానే నా ఫోన్ కాకుండా ఇంట్లో ఉన్న మావారి ఫోన్ కలిసిపోతుంది. మొన్న వాళ్ళ చెల్లెలు ఫోన్ చేస్తే ఆ మాటలన్నీ కారులో నాకు వినబడ్డాయి.

వ్యాఖ్యాత: ఏం మాట్లాడుకున్నారు?

శ్రోత: అది రేడియోలో చెప్పేది కాదండి.

మాస్టారు: బ్లూటూత్ సుమారు పది మీటర్ల దాకా అందుకుంటుందమ్మా, హాల్లో ఉన్న ఫోన్‌కి అదెంత? స్టీరియోలో జత చేసిన ఫోన్ల జాబితా ఉంటుంది. కొన్ని కార్లలో ముందు ఏ ఫోన్‌ని పట్టుకోవాలో పెట్టుకోవచ్చు. మీది పెట్టండి. ఆ సౌకర్యం లేకపోతే ఆయన ఫోన్‌ని జాబితాలోంచి తీసెయ్యండి.

శ్రోత: సరేనండి. ఇంకోటి, నాది కలిసినా కాల్స్ కారులో వస్తాయి, పాటలు మాత్రం ఫోన్‌లోంచే మోగుతాయి.

మాస్టారు: కాల్స్‌కి ఒక దారి, పాటలకి ఒక దారి. ఫోన్‌లో బ్లూటూత్‌లోకి వెళ్ళి కారు పేరు పక్కన చక్రం గుర్తు నొక్కితే రెండింటికీ వేరే వేరే బటన్లుంటాయి. మీడియా ఆడియో ఆగి ఉంటుంది, వెయ్యండి. దానికీ లొంగకపోతే కారులో ఫోన్ పేరు, ఫోన్‌లో కారు పేరు రెండూ చెరిపి కొత్తగా కలపండి. ఒకవైపే చెరిపితే లాభం లేదు. కలిపేటప్పుడు కాంటాక్ట్స్ చూడనివ్వాలా అని అడుగుతుంది, సరే అనండి. లేకపోతే ఆడపడుచు పేరు బదులు నంబరే కనబడుతుంది.

వ్యాఖ్యాత: మీరు కూడా మొదలుపెట్టారా మాస్టారూ! సాలూరు నుంచి ఒక ట్యాక్సీ తమ్ముడు లైన్లో ఉన్నాడు.

శ్రోత: నమస్తే అన్నా. నాది వైర్‌లెస్ ఆండ్రాయిడ్ ఆటో. కోరాపుట్ ట్రిప్పు కొడితే సుంకి ఘాట్‌లో మ్యాప్ తెల్లగా అయిపోతోంది. పాసింజర్లు టెన్షన్ పడతారు.

మాస్టారు: అప్పుడు ఫోన్‌లో దాచుకున్న పాటలు కారులో మోగుతున్నాయా?

శ్రోత: మోగుతాయన్నా.

మాస్టారు: అయితే కారుకీ ఫోన్‌కీ మధ్య ఏ గొడవా లేదు. ఫోన్‌కీ టవరుకీ మధ్య తెగింది. ఇంటి దగ్గరే గూగుల్ మ్యాప్స్‌లో ఆ దారంతా ఆఫ్‌లైన్ మ్యాప్‌గా దింపుకో.

శ్రోత: మరి ఊళ్ళో కూడా ఒక్కో రోజు అసలు కనెక్ట్ అవ్వదే?

మాస్టారు: ఫోన్‌లో వైఫై ఆపేస్తావా?

శ్రోత: బ్యాటరీ తింటుందని బయల్దేరేటప్పుడు ఆపేస్తాను.

మాస్టారు: అదీ సంగతి. వైర్‌లెస్ అంటే అంతా బ్లూటూత్ అనుకుంటారు. బ్లూటూత్ పరిచయం చేసి పక్కకి తప్పుకుంటుంది, పెళ్ళిళ్ళ పేరయ్యలాగ. ఆ తర్వాత మ్యాపూ పాటా మోసేది వైఫై. అది కట్టేస్తే ఏం వస్తుంది? బ్యాటరీ సేవర్ కూడా తియ్యి. నెట్‌ని వేరే దారిలో తిప్పే వీపీఎన్ యాప్ ఏదైనా ఉంటే ఆపి చూడు. ఇవన్నీ బండి పక్కకి ఆపాకే. 2019లో మోటారు వాహనాల చట్టం సవరించాక, నడుపుతూ ఫోన్ చేత్తో పట్టుకుంటే 184 సెక్షన్ కింద కేసు. నీకు లైసెన్సే అన్నం.

శ్రోత: అలాగే అన్నా.

వ్యాఖ్యాత: విజయనగరం నుంచి ఒక మెసేజ్. ఐఫోన్, కార్‌ప్లే రావట్లేదట, అంటే ఐఫోన్‌కి ఆండ్రాయిడ్ ఆటో లాంటిది. నోటితో చెబితే పనులు చేసిపెట్టే సిరిని విసుగొచ్చి ఆపేశారట.

మాస్టారు: సిరి లేకుండా కార్‌ప్లే రాదు. మళ్ళీ ఆన్ చెయ్యమనండి, అంతే.

వ్యాఖ్యాత: ఇంకో కాల్. హలో?

శ్రోత: నేనేనండి, పలాస. ఈసారి కారులోంచే మాట్లాడుతున్నాను.

వ్యాఖ్యాత: మీ రేడియో వినబడట్లేదే!

శ్రోత: కాల్ కలవగానే కారే ఆపేసింది.

మాస్టారు: బండి ఆపే ఉందా?

శ్రోత: ఇంటి ముందే ఉందండి. పుల్లతో లాగితే బఠాణీ గింజంత చెత్త ఊడింది, సగం జీడి పొట్టే. ఇప్పుడు టక్కున కూర్చుంది, మ్యాప్ కూడా వచ్చేసింది.

మాస్టారు: వైరు కూడా మార్చారా?

శ్రోత: లేదండి. మీరే కదా, అన్నీ ఒకేసారి మార్చొద్దన్నారు!