బోరు నీళ్లలో పెట్రోల్ వాసన: బాక్టీరియా పొడి పోస్తే పోతుందా?

యాంకర్: కావలి వైపు నుంచి ఒక అక్క లైన్లో ఉన్నారు. చెప్పండమ్మా.

కాలర్: నమస్తే సార్. మా ఇల్లు హైవే పక్కన, పెట్రోల్ బంకు వెనకే. రెండు నెలల్నుంచి బోరు నీళ్లు ఏదో మందు వాసన, నోట్లో పోసుకుంటే చేదు. కాచి తాగుతున్నాం. మొన్న ఒకాయన వచ్చి, బాక్టీరియా పొడి ఉంది, బోర్లో పోస్తే పెట్రోలంతా తినేస్తుంది, నాలుగు వేలు అన్నాడు. కొనేదా సార్?

నిపుణుడు: వద్దమ్మా. ముందు ఆ నీళ్లు ఈ రోజు నుంచే తాగొద్దు, కాచొద్దు కూడా. కాస్తే పెట్రోల్లో ఉండే బెంజీన్ లాంటి విషాలు ఆవిరై వంటింట్లో నిండుతాయి, వాటిని మీరే పీలుస్తారు.

కాలర్: అయ్యో, పిల్లలకీ కాచే ఇస్తున్నా సార్. ఆర్వో పెట్టించుకుంటే?

నిపుణుడు: ఇంట్లో పెట్టే ఆర్వో దీనికోసం చేసింది కాదు, దాన్ని నమ్ముకోవద్దు. వేరే నీళ్లు తెచ్చుకోండి.

కాలర్: మరి బాక్టీరియా తింటుందనేది అబద్ధమేనా?

నిపుణుడు: కాదమ్మా, అది నిజం. పెట్రోల్లో ఆక్టేన్ పెంచడానికి కలిపే ఎంటీబీఈ అని ఒకటుంది, అది నీళ్లలో ఇట్టే కరిగి మట్టికి అంటుకోకుండా నీళ్లతోపాటే పోతుంది. లీటరుకు 20 నుంచి 40 మైక్రోగ్రాములున్నా నోటికి, ముక్కుకి తెలిసిపోతుంది. అమెరికాలో శాంటా మోనికా ఊరు 1996లో దీనివల్లే తాగునీటి బావులు మూసుకుంది, ఊరి నీళ్లలో సగం దాకా వాటినుంచే వచ్చేవి. తర్వాత లాస్ ఏంజిలస్ మురుగునీటి ప్లాంటు బయోఫిల్టర్‌లో, అంటే సూక్ష్మజీవులతో శుద్ధి చేసే వడపోతలో, పీఎం1 అనే బాక్టీరియా దొరికింది, అది ఎంటీబీఈనే తిండిగా తిని బతుకుతుంది. కానీ దానికి ఆక్సిజన్ కావాలి, పెట్రోల్ దిగిన చోట నేలలో ఆక్సిజన్ ముందే అయిపోయి ఉంటుంది. కాలిఫోర్నియాలో పోర్ట్ హ్యూనీమీ నేవీ స్థావరంలో నీళ్లు పారే దారికి అడ్డంగా వరసగా గొట్టాలు దించి గాలి, ఆక్సిజన్ పంపిస్తే, కొత్తగా బాక్టీరియా వేయని చోట కూడా అక్కడి మట్టిలో ఉన్నవే ఆ పని చేశాయి. అంటే పొడి కన్నా గాలే ముఖ్యం.

యాంకర్: మన పెట్రోల్లో ఇప్పుడు 20 శాతం ఇథనాల్ కదా సార్, దానివల్ల తేడా ఉంటుందా?

నిపుణుడు: ఉంటుంది, దీని గురించి ఎవరూ మాట్లాడటం లేదని నాకు బాధ. ఇథనాల్ నేలలోని బాక్టీరియాలకి ఇష్టమైన తిండి, ముందు దాన్నే తిని ఉన్న ఆక్సిజన్ అంతా వాడేస్తాయి, బెంజీన్ అలాగే మిగిలి ఇంకా దూరం పోతుంది. ఎంటీబీఈ సగంలో విరిగినా టీబీఏ అనేది మిగలొచ్చు, అందుకే టెస్టులో రెండూ చూడమనాలి. అసలు లీకు ఆగకుండా ఏ బాక్టీరియా ఏం చేస్తుంది? ట్యాంకు, పైపులు చెక్ చేయించమని కాలుష్య నియంత్రణ మండలికి రాసివ్వండి, సోమవారం కలెక్టరేట్ గ్రీవెన్స్‌లో కూడా కాగితం ఇచ్చి రసీదు తీసుకోండి.

కాలర్: నీళ్లు టెస్టుకి ఎట్లా పట్టాలి సార్?

నిపుణుడు: ల్యాబునే అడిగి వాళ్లిచ్చే గాజు సీసాలోనే పట్టండి. లోపల గాలి బుడగ మిగలకుండా అంచుదాకా నింపి, మూత బిగించి, ఐసులో పెట్టి అదే రోజు ఇచ్చేయండి. ప్లాస్టిక్ బాటిల్లో పడితే ఉన్నదాంట్లో కొంత పోయి నీళ్లు బాగున్నట్టు రిపోర్టు రావొచ్చు.

కాలర్: గేదెలకి పెట్టొచ్చా?

నిపుణుడు: రిపోర్టు వచ్చేదాకా వద్దమ్మా.

కాలర్: సరే సార్. మా వెనకింట్లో బాలింత ఉంది, వాళ్లూ మా బోరు నీళ్లే పట్టుకుంటారు. ఫోన్ పెట్టేసి ముందు వాళ్లకి చెప్పొస్తా.