కెమ్‌సెక్స్ చిక్కులో పడితే ఏ గదికి వెళ్ళాలి

శ్రోతలకు నమస్కారం. ఈ పూట విషయం నలుగురి మధ్య కూర్చుని వినడానికి కాస్త ఇబ్బందైనదే. అయినా రేడియో కట్టేయకండి.

బరంపురం, పర్లాకిమిడి వైపు నుంచి సూరత్, ముంబై వెళ్ళి పనిచేసే కుర్రాళ్ళు లేని వీధి లేదు. కొత్త ఊళ్ళో ఒంటరితనం ఉంటుంది, చేతిలో ఫోన్ ఉంటుంది. మత్తు తీసుకుని లైంగికంగా కలిసే పార్టీలకు పిలుపులు ఆ ఫోన్‌లోకే వస్తాయి. దీన్నే కెమ్‌సెక్స్ అంటారు, యాప్‌లలో హై ఫన్ అంటారు. ఎక్కువగా మగవాళ్ళతో సంబంధం ఉన్న మగవాళ్ళలో కనిపిస్తుంది. వాడే మత్తుమందులు ఎండీ అనే మెఫెడ్రోన్, ఐస్ అనే క్రిస్టల్ మెథ్, జీ అనే జీహెచ్‌బీ. తప్పొప్పుల తీర్పు నా పని కాదు. చిక్కులో పడ్డవాడు ఎక్కడికి వెళ్ళాలి? అదే ఇవాళ్టి మాట.

లండన్‌లో సోహో అనే పేట ఉంది. అక్కడ 56 డీన్ స్ట్రీట్ అని ఒక క్లినిక్. డీఅడిక్షన్ సెంటర్ కాదు, సుఖవ్యాధుల క్లినిక్. పరీక్షకని వచ్చినవాళ్ళు నర్సుతో మాట్లాడుతూ మాట్లాడుతూ మత్తు సంగతి బయటపెట్టేవారు. డ్రగ్స్ సెంటర్ గడప తొక్కడానికి మాత్రం వెనకాడేవారు. మరి సాయం వాళ్ళు వచ్చేచోటే పెడితే పోలేదా? అక్కడ పనిచేసిన డేవిడ్ స్టువర్ట్ అనే ఆయన అదే చేశారు. వచ్చినవాళ్ళని ‘మానెయ్’ అని గద్దించలేదు. మానేస్తావా, కొన్నాళ్ళు ఆపి చూస్తావా, జాగ్రత్తలు నేర్చుకుంటావా, నువ్వే చెప్పు అన్నారు. నాకు ఈ ‘నువ్వే చెప్పు’ చాలా నచ్చింది. మన ఇళ్ళలో ఈ మాట ఎంత తక్కువగా వినిపిస్తుందో!

మన దగ్గర కెమ్‌సెక్స్ క్లినిక్ అనే బోర్డు కోసం వెతక్కండి. వెతకాల్సింది ప్రభుత్వాసుపత్రిలో ఐసీటీసీ, అంటే హెచ్‌ఐవీ సలహా, పరీక్షల కేంద్రం, లేదా సుఖవ్యాధులు చూసే సురక్ష క్లినిక్. బరంపురంలో ఎంకేసీజీ పెద్దాసుపత్రిలో హెచ్‌ఐవీకి మందులిచ్చే ఏఆర్‌టీ సెంటర్ కూడా ఉంది. ఐసీటీసీలో హెచ్‌ఐవీ పరీక్ష ఉచితం. 2017 హెచ్‌ఐవీ చట్టం ప్రకారం మీరు ఒప్పుకోకుండా పరీక్ష చేయకూడదు, మామూలుగా మీ అనుమతి లేకుండా ఫలితం మీ ఇంట్లోవాళ్ళకో యజమానికో చేరవేయకూడదు.

‘కౌంటర్‌లో మా మేనమామ స్నేహితుడు ఉంటాడండీ’ అంటారా? చీరలకీ సినిమాలకీ ఒడిశా సరిహద్దు దాటి ఆంధ్రకి వెళ్ళేవాళ్ళం మనం. పర్లాకిమిడి నుంచి పాతపట్నం ఎంత దూరం? శ్రీకాకుళంలో చేయించుకోండి, విశాఖలో చేయించుకోండి.

ముందు ఫోన్‌లో మాట్లాడాలంటే 1097, ఎయిడ్స్ నియంత్రణ సంస్థ హెల్ప్‌లైన్. దిగులు, భయం, ఎవరో వెంటపడుతున్నారన్న అనుమానం పట్టుకుంటే 14416, టెలి మానస్. రాత్రీ పగలూ ఉంటుంది, తెలుగు ఎంచుకోవచ్చు. మానాలన్న నిశ్చయం కుదిరితే 14446, మత్తు మానడానికి సాయం చేసే హెల్ప్‌లైన్. ఇవి మూడూ డబ్బు పడని నంబర్లే.

మానేదాకా రెండు జాగ్రత్తలు. సూది ఎవరితోనూ పంచుకోవద్దు, హెపటైటిస్ సి అలాగే అంటుకుంటుంది. జీ తీసుకున్నప్పుడు మద్యం ముట్టొద్దు, ఊపిరి ఆగిపోవచ్చు. ఎవరైనా లేపినా లేవకపోతే ‘పడుకోనీలే’ అని వదిలేయకండి. పక్కకి తిప్పి పడుకోబెట్టి 108కి ఫోన్ చేయండి, ఏం తీసుకున్నాడో దాచకుండా చెప్పండి.

ఇక అసలు మాట, డెబ్బై రెండు గంటలు. కండోమ్ లేకుండా కలిసినా, సూది పంచుకున్నా, హెచ్‌ఐవీ అంటకుండా ఆపే మందులున్నాయి. పెప్ అంటారు. డాక్టరు సలహాతో 28 రోజులు వాడాలి. కానీ 72 గంటల్లోపు మొదలుపెట్టాలి. 72 గంటలు దాటితే లాభం లేదు, ఎంత తొందరగా వెళ్తే అంత మంచిది. శనివారం రాత్రి జరిగితే మంగళవారం రాత్రికి గడువు అయిపోతుంది. ఆదివారం ఓపీ ఉండదు కదా అని సోమవారం దాకా ఆగొద్దు, క్యాజువాలిటీ తెరిచే ఉంటుంది. అక్కడ ఏం చెప్పాలో నోరు రాకపోతే ఈ ఒక్క ముక్క చాలు: ‘నిన్న రాత్రి కండోమ్ లేకుండా కలిశాను, నాకు పెప్ కావాలి, ఏఆర్‌టీ డాక్టర్‌తో మాట్లాడించండి.’