కిటికీ ముందు ఏ మొక్క, ఎంత దూరంలో?

[దృశ్యం: గది లోపలి నుంచి కిటికీ. అద్దం నిండా గుబురు ఆకులు. పట్టపగలే లైటు వెలుగుతోంది.]

వ్యాఖ్యానం: మొక్క ఏపుగా పెరిగింది, గది చీకటైంది. నర్సరీలో మోకాలెత్తు ఉన్నప్పుడు గోడకు జానెడు దూరంలో ముచ్చటగానే ఉంటుంది. అందుకే కొనేముందు అడగండి: పూర్తిగా ఎదిగాక ఎంత ఎత్తు, ఎంత వెడల్పు?

[దృశ్యం: గోడ నుంచి టేపుతో కొలత.]

ఆ వెడల్పులో సగానికి మరో అడుగు కలపండి. 4 అడుగులు విస్తరించే పొదను గోడకు 3 అడుగుల దూరంలో నాటాలి. మిగిలే అడుగు సందు గోడకు గాలి తగలడానికి, అద్దాలు తుడవడానికి. కిటికీ రెక్కలు బయటికి తెరుచుకుంటే వాటికీ చోటు వదలండి.

ఎత్తు కిటికీ కింది అంచును దాటకూడదు. ‘కత్తిరిస్తూ ఉంటాంలే’ అంటారు చాలామంది. 10 అడుగులు పెరిగే మొక్కను మూడడుగుల దగ్గర ఆపడం తీరని చాకిరీ. నన్నడిగితే పొట్టి రకమే తెచ్చుకోండి.

[దృశ్యం: గోడవార నూరు వరహాల మొక్క. ఆకులు పసుపు, ఈనెలు పచ్చన.]

గోడవార మట్టి తోటలోని మట్టిలాంటిది కాదు. చూరు కింద వాన సరిగా పడదు, ముసురులోనూ నేల పొడిగానే ఉండవచ్చు. పైగా సిమెంటులోని సున్నం కొద్దికొద్దిగా దిగి మట్టిని క్షారంగా మారుస్తుంది. అలాంటి మట్టిలో ఇనుము ఉన్నా వేళ్లు తీసుకోలేవు. నూరు వరహాలకు ఈ బాధ మరీ ఎక్కువ. నీళ్లు చాలలేదేమోనని ఇంకా పోస్తారు, పాపం! దాన్ని కుండీలో పెంచడమే నయం.

[దృశ్యం: పడమటి కిటికీలోంచి గదిలోకి సాయంత్రపు ఎండ.]

పడమటి కిటికీకి మాత్రం చెట్టే కావాలి. ఏటవాలుగా వచ్చే ఎండను పైనున్న సజ్జ ఆపలేదు. చలికాలంలో ఆకు రాల్చే చెట్టయితే వేసవిలో నీడ, చలిలో వెలుతురు. మర్రి, రావి వద్దు. వాటి వేళ్లు పునాదుల జోలికి వెళతాయి.

[దృశ్యం: పడకగది కిటికీ కింద ముళ్ల పొద.]

ముళ్ల మొక్క దొంగకు అడ్డంకే. కానీ నిప్పంటుకున్నప్పుడు బయటపడే దారి ఆ కిటికీయే అయితే, మీకూ అడ్డంకే.

[దృశ్యం: ఖాళీ నేలలో నిలబెట్టిన కర్ర.]

గొయ్యి తవ్వేముందు, మొక్క ఎదగబోయేంత ఎత్తు కర్రను అక్కడ నిలబెట్టండి. లోపలికి వెళ్లి రోజూ కూర్చునే చోట కూర్చోండి. చూపుకు అడ్డొస్తే కర్రను జరిపి మళ్లీ చూడండి.