శాలువా ఒక్కటే సరిపోతుందా? శ్రీకాళహస్తి కలంకారీ కుటుంబాల కథ

(దృశ్యం: శ్రీకాళహస్తి రాజగోపురం)

శ్రీకృష్ణదేవరాయలు 1516లో కట్టించిన రాజగోపురం 2010 మే 26న కూలిపోయింది. ఇప్పుడు మీకు కనిపిస్తున్నది దాని స్థానంలో లేచిన కొత్త గోపురం. 2017లో కుంభాభిషేకం కూడా జరిగింది. ఇదే ఊళ్లో కొన్ని ఇళ్లు తరతరాలుగా కలంకారీ మీదే, అంటే గుడ్డ మీద కలంతో బొమ్మలు గీసి రంగులద్దే పని మీదే బతుకుతున్నాయి. వాళ్లను గౌరవించాలంటే మనకు తోచేది ఒక సన్మాన సభ, ఒక శాలువా. ఆ పని ఆగిపోతే మాత్రం కూలిన చప్పుడు ఎవరికీ వినపడదు.

ఒకసారి ఆ పరిస్థితి దాదాపుగా వచ్చింది. 1950ల నాటికి పని తెలిసినవారు కొద్దిమందే మిగిలారు. చేతివృత్తుల కోసం పాటుపడిన కమలాదేవి ఛటోపాధ్యాయ చొరవతో ఇక్కడ శిక్షణ కేంద్రం వెలిసింది. పాతతరం పనివారు అక్కడ గురువులయ్యారు. ఆ పరంపరలోని జొన్నలగడ్డ గురప్పశెట్టి గారికి 2008లో పద్మశ్రీ వచ్చింది.

(దృశ్యం: వెదురు కలం, దగ్గరగా)

వెదురు పుల్ల కొన చెక్కి, పైన ఉన్ని చుట్టి, దారంతో బిగిస్తే కలం తయారు. ఉన్ని రంగును పీల్చుకుంటుంది, వేళ్లతో నొక్కితే కొనకు దిగుతుంది. గుడ్డను ముందుగా కరక్కాయ పొడి, గేదె పాలు కలిపిన నీళ్లలో ముంచి ఎండబెడతారు. పాలలోని కొవ్వు వల్ల రంగు పక్కకు పాకదు. నల్ల రంగు కోసం ఇనుప ముక్కలను బెల్లం నీళ్లలో వారాల తరబడి ఊరబెడతారు. ఆ నీళ్లు కలంలో ఉన్నప్పుడు పలచగా కనిపిస్తాయి. గుడ్డలోని కరక్కాయ తగలగానే గీత నల్లబడుతుంది.

ఎరుపు రావలసిన చోట పటిక నీళ్లు పూస్తారు. పటిక ఉన్న చోటే ఎర్ర రంగు పడుతుంది. తర్వాత గుడ్డను పారే నీటిలో జాడించాలి. ఇక్కడే అసలు చిక్కు. నిలవ నీటిలో ముంచితే వదిలిన పటిక మిగతా గుడ్డకూ అంటుకుంటుంది. ఎర్ర రంగులో ఉడకబెట్టినప్పుడు అక్కర్లేని చోటల్లా ఎరుపెక్కుతుంది. అందుకే ఈ పనికి స్వర్ణముఖి కావాలి. ఆ నదేమో ఏడాదిలో చాలా కాలం ఇసుకే!

(దృశ్యం: ఎండిన నది, పక్కన ఆరేసిన గుడ్డలు)

మరి చట్టం ఏం కాపాడుతుంది? 1958 నాటి పురాతన కట్టడాల కేంద్ర చట్టం కనీసం నూరేళ్ల వయసున్న, జాతీయ ప్రాధాన్యం గల కట్టడాల కోసం. చంద్రగిరి కోటకు ఆ రక్షణ ఉంది. పెంకుటిల్లు, అరుగు, వెనుక ఉడకబెట్టే పొయ్యి ఉన్న పనివారి ఇంటికి లేదు. శ్రీకాళహస్తి కలంకారీకి భౌగోళిక గుర్తింపు (జీఐ) ఉంది కానీ, అది కాపాడేది పేరును. పదేళ్లకోసారి దాన్ని పునరుద్ధరించుకోవాలి. ఆ పేరు తగిలించి మిషను మీద అచ్చు వేసిన చీర అమ్మేవారిని పట్టుకోవడానికి ఎవరో ఒకరు ఫిర్యాదు చేయాలి. ఒక చీర మీద రోజుల తరబడి వంగి కూర్చునే మనిషికి కోర్టుల చుట్టూ తిరిగే తీరిక ఎక్కడిది?

సన్మాన సభలంటే నాకు విరోధం లేదు. శాలువా, జ్ఞాపిక, ఫొటో, అన్నీ ఉండనివ్వండి. కాకపోతే ఆ ఖర్చులో కొంత నది ఒడ్డున గుడ్డలు జాడించే నీటి వసతికి పెడితే ఆ కుటుంబాలకు ఎక్కువ మేలు. పాత నమూనా గుడ్డలు, కొలతలు రాసుకున్న పుస్తకాలు పెట్టెల్లో చెదలు పట్టకముందే ఫొటోలు తీసి పురపాలక గ్రంథాలయంలో ఉంచవచ్చు. ఇంటి ముందు చిన్న ఫలకం పెట్టి ఎన్నో తరమో రాస్తే, గుడికి వచ్చిన యాత్రికుడు తిన్నగా ఆ గడప ఎక్కుతాడు.

(దృశ్యం: పక్కపక్కన రెండు గుడ్డలు)

కొనేవారికి ఒక మాట. ఒకే నెమలి పదిసార్లు ఉంటే పదింటినీ పోల్చి చూడండి. చేత్తో గీసినవైతే మెడ వంపు, కంటి గీత ఏ రెండూ అచ్చంగా ఒకేలా ఉండవు. కలం మళ్లీ ముంచిన చోట గీత కాస్త లావెక్కుతుంది. కొత్త గుడ్డను ముక్కు దగ్గర పెట్టుకుంటే పాల వాసన వస్తుంది. గీసింది ఎవరని దుకాణదారును అడగండి. పేరు చెప్పగలిగితే బేరం తర్వాత చూసుకోవచ్చు.