‘ఏ’ కొనాలా, ‘ఈఎస్’ కొనాలా? శనివారం బండి కబుర్లు (ఫోన్-ఇన్)

(డాలస్ నుంచి వచ్చే తెలుగు ఇంటర్నెట్ రేడియో కార్యక్రమం. సమయం ఉదయం పది. స్టూడియోలో వ్యాఖ్యాతతో పాటు, చాలా ఏళ్ళుగా స్పోర్ట్ టూరింగ్ బళ్ళు నడుపుతూ కొత్తవాళ్ళకు నేర్పుతున్న రైడింగ్ కోచ్.)

వ్యాఖ్యాత: నమస్కారమండీ. ఈ వారం కోచ్ గారు మళ్ళీ మనతో ఉన్నారు. పోయినసారి హెల్మెట్ల దగ్గర మొదలుపెట్టి హెల్మెట్ల దగ్గరే ఆగిపోయాం. ఈసారి బండి కొనేవాళ్ళకే అవకాశం. లైన్లో ఎవరో చాలాసేపటి నుంచి ఉన్నారు. హలో, ఎక్కణ్ణుంచండీ?

కాలర్: ఫ్రిస్కో నుంచండి. సొంతూరు గుంటూరు. అన్నా, నమస్తే. యమహా ఎఫ్‌జేఆర్1300 చూస్తున్నాను, సెకండ్ హ్యాండ్. కాలేజీలో ఆర్‌ఎక్స్100 నడిపాను. ఇక్కడికొచ్చాక ఆరేళ్ళుగా 650 బండి వాడుతున్నాను. అందులో ఏ, ఈఎస్ అని రెండు మోడళ్ళున్నాయి కదా, ఇప్పుడు చెరొకటి దొరికాయి. ఒకటి 2014 ఈఎస్, 18 వేల మైళ్ళు తిరిగింది. రెండోది 2017 ఏ, 21 వేలు. ధరలో పెద్ద తేడా లేదు. ఫ్రెండ్సందరూ ఈఎస్సే తీసుకో, అది టాప్ మోడల్ అంటున్నారు.

కోచ్: ఎందులో టాప్ అని అడిగారా?

కాలర్: సస్పెన్షన్ ఎలక్ట్రానిక్ కదన్నా. రోడ్డు ఎలా ఉంటే అలా అదే సర్దుకుంటుందట.

కోచ్: సర్దుకోదు. చాలామంది ఇక్కడే బోల్తా పడతారు. గతుకు రాగానే దానంతటదే మెత్తబడే సస్పెన్షన్లు వేరే ఉన్నాయి, వాటిని సెమీ-యాక్టివ్ అంటారు. ఎఫ్‌జేఆర్ ఈఎస్ ఆ కోవది కాదు. మనం స్క్రూడ్రైవరు పెట్టి తిప్పాల్సిన పనిని ఓ చిన్న మోటారు చేసిపెడుతుంది, అంతే. హ్యాండిల్ మీద మీట నొక్కితే నాలుగు బొమ్మలు కనిపిస్తాయి: ఒక్కరే, ఒక్కరూ సామానూ, ఇద్దరు, ఇద్దరూ సామానూ. మీరు ఎంచుకున్న దాన్ని బట్టి వెనక స్ప్రింగును ముందే ఎంత నొక్కి ఉంచాలో అంత నొక్కుతుంది, దీన్నే ప్రీలోడ్ అంటారు. అది కూడా బండి ఆగి, ఇంజన్ నడుస్తున్నప్పుడే. వెళ్తూ వెళ్తూ మార్చుకోగలిగింది డ్యాంపింగ్, అంటే స్ప్రింగు ఊపును అదుపు చేసే పట్టు, ఒక్కటే: గట్టిగానా, మామూలుగానా, మెత్తగానా అని.

కాలర్: మరి ‘ఏ’లో అదంతా లేదా?

కోచ్: ఉంది, చేత్తో చేసుకోవాలి. ముందు ఫోర్కులకు స్క్రూలుంటాయి. వెనక షాక్‌కి ఒక లివర్ ఉంటుంది, దానికి రెండే స్థానాలు, మెత్తన, గట్టి. ఇంజనూ అదే 1298 సీసీ, గొలుసుకు బదులు షాఫ్టూ అదే, 6.6 గ్యాలన్ల ట్యాంకూ అదే. క్రూజ్ కంట్రోల్, చక్రం జారకుండా చూసే ట్రాక్షన్ కంట్రోల్ రెంటికీ ఉన్నాయి. పక్క పెట్టెలు కూడా రెంటితోనూ వచ్చేవే. అమ్మేవాడు వాటిని పోగొట్టుకోలేదు కదా?

కాలర్: లేదన్నా, ఉన్నాయి. తాళాలు కూడా ఉన్నాయి.

కోచ్: సరే. ఇప్పుడు అసలు విషయం చెప్పండి. వెనక ఎవరు కూర్చుంటారు?

కాలర్: సోమవారం నుంచి శుక్రవారం దాకా ఆఫీసుకు నేనొక్కణ్ణే. వీకెండ్ మా ఆవిడతో. ప్రతివారం ఎటో ఒకటి వెళ్తాం.

కోచ్: అలాగైతే మీ ఫ్రెండ్స్ మాటలో న్యాయం ఉంది. బరువు మాటిమాటికీ మారే మనిషికి ఆ మీట బంగారం. స్ప్రింగు మీ ఒక్కరికీ సరిపోయేట్టు ఉండి, వెనక ఇంకొకరూ ఓ టాప్ బాక్సూ ఎక్కితే బండి వెనక్కి కూలబడుతుంది. ముక్కు లేస్తుంది. హెడ్‌లైటు చెట్ల కొమ్మల్లోకి కొడుతుంది, హ్యాండిల్ బరువు తప్పి తేలిపోతుంది. మలుపులో ఫుట్‌పెగ్గులు ముందుగానే రోడ్డుకు గీరుకుంటాయి. జనం దాన్ని టైరు లోపమనో బ్యాలెన్సు లోపమనో అనుకుని మెకానిక్కులకు డబ్బు పోస్తారు. చూడబోతే స్ప్రింగును కాస్త బిగిస్తే పోయేదానికి!

కాలర్: అయితే ఈఎస్ ఖాయం చేసుకోమంటారా? (వెనక ఎవరో మాట్లాడుతున్న చప్పుడు) ఒక్క నిమిషమన్నా... మా ఆవిడ మాట్లాడతానంటోంది.

కాలర్ భార్య: అన్నయ్యగారూ, నమస్తే అండీ. ప్రతివారం అన్నారు కదా ఈయన? పోయిన ఏడాది మొత్తం మీద నేను బండెక్కింది రెండుసార్లు. ఒకసారి ఆస్టిన్ వెళ్ళి నడుం పట్టేసి, వచ్చేటప్పుడు ఫ్రెండ్స్ కారులో వచ్చాను.

వ్యాఖ్యాత: (నవ్వు) ప్రత్యక్ష సాక్షి వచ్చేశారు.

కోచ్: అమ్మా, మంచి పని చేశారు. బండి సుఖంగా ఉంటే ఎన్నిసార్లు వెళ్తారు? మొహమాటపడకుండా చెప్పండి.

కాలర్ భార్య: ఏడాదికి మూడు ట్రిప్పులు. లేకీ దగ్గర కొండల్లో రోడ్లు చాలా బాగుంటాయట, అక్కడికి తప్పకుండా వస్తాను. అంతకుమించి నా వల్ల కాదండీ.

కోచ్: లేకీ నిజంగా చూడాల్సిందేనమ్మా. 335, 336, 337 అని మూడు రాంచ్ రోడ్లు, త్రీ ట్విస్టెడ్ సిస్టర్స్ అంటారు. టెక్సాసులో కొండ మలుపులంటే అందరూ అటే పరుగెడతారు. ఫోన్ ఆయనకివ్వండి.

కాలర్: అన్నా...

కోచ్: తమ్ముడూ, ఏడాదికి మూడు ట్రిప్పులకు మోటారెందుకు? బయల్దేరే రోజు పొద్దున ఆ లివర్‌ని మెత్తన నుంచి గట్టికి తిప్పు, ఇంటికొచ్చాక మళ్ళీ వెనక్కి తిప్పు. ఏడాదికి ఆరుసార్లు వంగాలి. 2017 ఏ తీసుకో.

కాలర్: పాత ఈఎస్ కంటే కొత్త ఏ మేలంటారా?

కోచ్: నీ వాడకానికి మేలే. ఈ బండిలో అక్షరం కంటే సంవత్సరం ముఖ్యం. 2015 దాకా ఐదు గేర్లే. హైవే మీద 75లో వెళ్తుంటే ఎడమ పాదం ఇంకో గేరు కోసం తడుముతూ ఉంటుంది, పాత ఎఫ్‌జేఆర్ వాళ్ళందరికీ ఉన్న జబ్బే అది. 2016లో ఆరో గేరు పెట్టారు. ఇంజన్ తక్కువ తిరుగుళ్ళ మీద నడుస్తుంది కాబట్టి రొద తగ్గుతుంది. అదే ఏడు స్లిప్పర్ క్లచ్ కూడా వచ్చింది, గేరు తగ్గించినప్పుడు వెనక చక్రం పట్టేయకుండా చూస్తుంది, క్లచ్ లివర్ తేలిగ్గా ఉంటుంది, టోల్‌వే ట్రాఫిక్‌లో నీ ఎడమ చెయ్యి దణ్ణం పెడుతుంది. ఎల్‌ఈడీ హెడ్‌లైట్లూ అప్పుడే వచ్చాయి. వారానికి ఐదురోజులు నువ్వు వాడేవి ఇవి. మీటలో బొమ్మలు ఏడాదికి మూడుసార్లు.

కాలర్: రేపు పొద్దున షాక్ పాడైతే?

కోచ్: రెంటికీ షాకులు అరుగుతాయి. ‘ఏ’కి బయటి కంపెనీల షాకులు బోలెడు దొరుకుతాయి, నీ బరువుకు తగ్గ స్ప్రింగు అడిగి వేయించుకోవచ్చు. ఈఎస్‌లో మోటారూ తీగలూ ఉన్న యూనిట్, మార్చాలంటే జేబు చూసుకోవాలి. ఇంకో సంగతి. 26,600 మైళ్ళకు ఇంజన్ వాల్వుల క్లియరెన్సు, అంటే వాటి దగ్గర ఉండాల్సిన సన్నటి ఖాళీ, చూడాలి. 21 వేలంటే అది నీ నెత్తినే పడుతుంది, బేరంలో ఆ ఖర్చు తగ్గించమను. బండి గుర్తింపు నంబరు, అదే విన్, అమెరికా రోడ్డు భద్రతా సంస్థ ఎన్‌హెచ్‌టీఎస్‌ఏ వెబ్‌సైట్లో కొట్టి చూడు, రికాల్, అంటే లోపం సరిచేయడానికి కంపెనీ వెనక్కి పిలిచింది, ఏదైనా మిగిలుంటే డీలరు డబ్బు తీసుకోకుండా చేస్తాడు. ఇక మిగిలిన డబ్బుతో వెనక సీటు బాగు చేయించు. మూడు ట్రిప్పులు ఆరవుతాయేమో దాని మీదే ఆధారపడి ఉంది.

కాలర్ భార్య: (దూరం నుంచి) విన్నారా!

వ్యాఖ్యాత: ఆ ఇంటి సంగతి ఇక ఆ ఇంటివాళ్ళే చూసుకుంటారు. తర్వాతి కాల్. హలో?

కాలర్: అన్నా నమస్తే, హైదరాబాద్ నుంచి మాట్లాడుతున్న. ఇక్కడ రాత్రి ఎనిమిదిన్నరైంది, ఫోన్ల వింటున్న. నేను కవాసాకి నింజా 1100ఎస్‌ఎక్స్ తీస్కుందామని చూస్తున్న. బయటి దేశాలల్ల ఎస్‌ఈ అని ఇంకోటి ఉన్నదట, బ్రెంబో బ్రేకులు, ఎన్కకు ఓలిన్స్ షాక్. మన దగ్గర మామూలుదే అమ్ముతున్నరు. అది వచ్చేదాంక ఆగమంటరా?

కోచ్: ఎక్కడికెళ్తారు బండి మీద?

కాలర్: నెలకోసారి శ్రీశైలం పోతం. ఏడాదికోసారి గోవా.

కోచ్: శ్రీశైలం దారిలో మన్ననూరు చెక్‌పోస్టు దాటాక ఓలిన్స్‌కు పనేం ఉంటుంది? పులుల అడవి, వేగం మీద ఆంక్షలు, కోతులు, స్పీడ్ బ్రేకర్లు. రాత్రి తొమ్మిదయితే గేటే మూసేస్తారు. ఓలిన్స్ గొప్ప షాకే, కాదనను. దాన్ని రేస్ ట్రాక్ మీదో యూరప్ కొండల్లోనో పిండుకోవాలి. మీరు అడగాల్సింది ఇంకోటుంది. ఆ బండికి నేలకూ మధ్య ఖాళీ 135 మిల్లీమీటర్లు. ఇద్దరెక్కితే అది ఇంకా తగ్గి, స్పీడ్ బ్రేకరు మీద బండి అడుగుభాగం తగులుతుంది. దాన్ని తప్పించే ప్రీలోడ్ గుండీ, పక్కన చేత్తో తిప్పేది, మామూలు మోడల్‌కు కూడా ఉంది. పనిముట్లు కూడా అక్కర్లేదు.

కాలర్: మరి బ్రేకులు?

కోచ్: ఉన్నవి మంచివే. స్టీలు అల్లిక బ్రేకు గొట్టాలు తర్వాత వేయించుకోవచ్చు. ఆగితే ధర ఎటుపోతుందో కూడా చూసుకోండి. 2024 డిసెంబరులో 13.49 లక్షలకు వచ్చిన బండి అది. 350 సీసీ దాటిన బళ్ళకు 2025 సెప్టెంబరు నుంచి జీఎస్టీ 40 శాతం చేశారు.

కాలర్: మా దోస్తులు ఓలిన్స్ లేకపోతే ఎట్లరా అంటరు.

కోచ్: ఆ బంగారు రంగు ఫొటోలో బాగుంటుంది లెండి. నాకూ ఇష్టమే.

వ్యాఖ్యాత: (నవ్వు) టైం అయిపోతోంది, ఒక్క కాల్ తీసుకుందాం. అట్లాంటా నుంచి.

కాలర్: నమస్తే కోచ్ గారూ. నేను పదేళ్ళుగా బండి నడుపుతున్నానండి. ఆదివారాలు ఒక్కదాన్నే నార్త్ జార్జియా కొండల్లోకి వెళ్తాను. సూచెస్, వుల్ఫ్ పెన్ గ్యాప్, ఆ లూప్. మొదటి కాలర్ అడిగిన బండే నేనూ చూస్తున్నాను, కానీ రెండూ 2018వే, ఏ ఒకటి, ఈఎస్ ఒకటి. నేను ఒక్కదాన్నే కాబట్టి ఏ చాలనేనా మీ లెక్క?

కోచ్: మీరు తిరిగొచ్చేది ఎప్పుడమ్మా?

కాలర్: పొద్దుగూకేస్తుందండీ. టిఫిన్ చేసి తీరిగ్గా బయల్దేరతాను కదా.

కోచ్: అయితే నా లెక్క మారుతుంది. 2016 నుంచి ఈఎస్‌కి మాత్రమే మలుపు లైట్లు ఇచ్చారు. హెడ్‌లైటు పైన అటు మూడు, ఇటు మూడు చిన్న ఎల్‌ఈడీలుంటాయి. బండి ఎంత వాలితే లోపలి వైపు అన్ని లైట్లు ఒకదాని తర్వాత ఒకటి వెలుగుతాయి. మామూలు హెడ్‌లైటు మలుపులో లోయలోకి చూస్తుంది, ఇది మీరు వెళ్ళబోయే రోడ్డును చూపిస్తుంది. వుల్ఫ్ పెన్ గ్యాప్ లాంటి మెలికల్లో చీకటి పడ్డాక ఆ తేడా తెలుస్తుంది. మీరైతే ఈఎస్ తీసుకోండి, సస్పెన్షన్ కోసం కాదు, ఆ ఆరు లైట్ల కోసం. జింకల నుంచి కాపాడుతుందని మాత్రం అనుకోవద్దు. అక్టోబరు, నవంబరుల్లో సాయంత్రాలు అవి రోడ్డు మీదికి దూకేస్తాయి. ఆ నెలల్లో టిఫిను కొండమీద చేయండి.

కాలర్: (నవ్వు) సరేనండీ. నా ఎత్తు ఐదడుగుల మూడంగుళాలు. ఈఎస్‌లో ప్రీలోడ్ తగ్గిస్తే పాదాలు ఆనతాయని సేల్స్‌మన్ అన్నాడు.

కోచ్: ఏ అయినా ఈఎస్ అయినా సీటు ఎత్తు ఒకటేనమ్మా. చేత్తో తీసి కింది స్థానంలో పెట్టుకుంటే 805 మిల్లీమీటర్లు. ప్రీలోడ్‌తో ఇంకాస్త కిందికి వస్తుంది గానీ ఆశ పెట్టుకునేంత కాదు. అసలు చిక్కు ఎత్తు కాదు, బరువు. 290 కిలోల దగ్గర బండి, ఏ మోడల్‌కూ రివర్స్ గేరు లేదు. ముక్కు పల్లంలోకి పెట్టి ఆపారా, వెనక్కి లాగడం ఇద్దరి పని. షాపు ముందు వాలు ఉంటే దిగకముందే ఓ చుట్టు తిప్పి, వెనక చక్రం పల్లం వైపు, ముక్కు పైకి ఉండేట్టు ఆపండి. గేరులో పెట్టి దిగండి, న్యూట్రల్‌లో వద్దు.

కాలర్: అది పోయిన నెలే నేర్చుకున్నానండీ, పాపం ఒకాయన సాయం పట్టాడు.

వ్యాఖ్యాత: లైన్లోనే ఉండండమ్మా, పాట అయ్యాక మాట్లాడతారు. ఇప్పుడు వార్తలు.